మూడు చాలవన్న మాస్టారు

మాస్టారు పోయిన సంగతి నాకెవరూ చెప్పలేదు. ముందుగా ఆ విషయం రాసిపెట్టాలి. టెక్కలి సాహిత్య మిత్రుల వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేసి రెండేళ్లయింది. ఒక కవిసమ్మేళనం ఆహ్వానపత్రికలో నా పేరు అందరికంటే కింద వేశారని నాలుగు మాటలన్నాను. అదీ నేరం. అందుచేత ఆయన పోయిన నాలుగో రోజున, కాశీబుగ్గ బస్టాండులో టీ తాగుతూ, బజ్జీల నూనె అంటిన పేపరు ముక్కలో ఆయన ఫోటో చూశాను. వేలెడంత ఫోటో. కింద విశ్రాంత తెలుగు పండితులు అని ఒక ముక్క, కిడ్నీ వ్యాధితో అని ఇంకో ముక్క. నలభై ఏళ్లు ఛందస్సు తప్ప వేరే ధ్యాస లేకుండా బతికిన మనిషి గురించి ఆ వార్తలో ఛందస్సు అన్న మాటే లేదు. పేపరువాళ్లకి ఉత్తరం రాశాను. వేసుకోలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన నా పేరు ఎక్కడా రాయలేదు. సరికి సరి.

మనిషి పొట్టి. చెవులు పెద్దవి. ఎవరేం చెప్తున్నా కళ్లు మూసుకుని వినేవాడు. కుడిచేతి బొటనవేలు మాత్రం మిగిలిన వేళ్ల కణుపుల మీద ఒక్కొక్కటిగా నడుస్తుండేది. పొట్టి అక్షరానికి ఒక కణుపు, దీర్ఘానికి రెండు, ఒత్తుకి ముందున్న అక్షరానికి రెండు. ఎదుటివాడు పెళ్లికి పిలుస్తున్నా, చావు కబురు చెప్తున్నా ఆ వేలు ఆగేది కాదు. మాట బరువు ముందు ఆయనకు చేరేది, అర్థం ఆ తర్వాత నెమ్మదిగా వచ్చేది. కూతురి పెళ్లికి పిలవడానికి వెళ్లినవాడితో, నీ శుభలేఖలో రెండో పంక్తి కుంటుతోందని చెప్పి పంపేశాడట. నాకు నమ్మకమే.

"బాగుంది" అన్న మాట ఆయన నోట నేను వినలేదు. పద్యం ఎంత గొప్పదైనా "నడిచింది" అనేవాడు. చెడ్డదైతే "కూర్చుంది" అనేవాడు. ఈ రెండే.

ఒకసారి టెక్కలి నుంచి పలాస బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. కండక్టరు మెట్టు మీద నిలబడి పలాస పలాస పలాస అని అరుస్తున్నాడు. మాస్టారు కళ్లు మూసుకున్నాడు. "జగణం. లఘువు, గురువు, లఘువు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కపాలైనా తప్పడు సూడు. మీ కవులు నాలుగు పంక్తులకే ఆయాసపడిపోతారు" అన్నాడు. మీ కవులు అన్నది నన్నే. బస్సులో ఇంకో కవి లేడు. తర్వాత తనలో తను అనుకున్నట్టుగా, "టెక్కలి భగణం. ఉద్దానం మగణం, మూడూ గురువులే. అందుకే మొయ్యలేకపోతన్నాం" అన్నాడు. ఆయన వేసిన ఏకైక హాస్యం అది. ముందు సీట్లో వాళ్లెవరూ నవ్వలేదు. మా ఉద్దానంలో ఇంటికొకరికి కిడ్నీ జబ్బు. డయాలసిస్ రోజు అది, సగం బస్సు అక్కడికే పోతోంది. ఆయన కూడా.

నా మొదటి ఫిర్యాదు టెక్కలి గ్రంథాలయంలో మొదలైంది.

అంతకు ముందు ఒక ఏడు తుఫాను ఉద్దానాన్ని ఒక్క పొద్దులో బోడి చేసిపోయింది. మా తరం ఎరిగిన తోటలు, తాతలు పెట్టిన కొబ్బరి, జీడి, పనస, అన్నీ నేలకూలాయి. ఆ తర్వాత ఏడాది నేను ఇంకేమీ రాయలేదు, దానిమీదే ఒక కథాకావ్యం రాశాను. నూట అరవై పంక్తులు. పంక్తికి నాలుగు గణాలు, గణానికి నాలుగు మాత్రలు, ప్రతి పంక్తికీ రెండో అక్షరం ప్రాస. మొదలు ఇలా ఉంటుంది:

తూరుపు గాలది తోటల దూరెను
బారుగ నిలిచిన కొబ్బరి కూలెను

దాని మొదటి భాగం గ్రంథాలయంలో చదివాను. యాభైమంది వచ్చారు. కళ్లు తుడుచుకున్నవాళ్లున్నారు, నేను చూశాను. విశ్లేషణ చెయ్యమని మాస్టారిని పిలిచారు. ఆయన లేచి, పన్నెండు పంక్తులు తీసుకుని, నల్లబల్ల మీద సుద్దతో గురువుకి ఒక కొక్కెం, లఘువుకి ఒక గీత చొప్పున వరసగా పెట్టుకుంటూ పోయాడు. సుద్ద చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తూరుపు, ఒక కొక్కెం రెండు గీతలు. గాలది, ఒక కొక్కెం రెండు గీతలు. చివరిదాకా పెట్టి, ప్రాస అక్షరాల కింద సున్నా చుట్టి, చేతులు దులుపుకున్నాడు.

"గాలి కూడా నాలుగు మాత్రల్లోనే వచ్చిందని కవిగారు తెలియజేశారు. సంతోషం" అన్నాడు. కూర్చున్నాడు.

జనం నవ్వారు. యాభైమందీ. కళ్లు తుడుచుకున్నవాళ్లు కూడా. ఎవరెవరు నవ్వారో నాకిప్పటికీ గుర్తే.

అయినా ముందుమాట ఆయన చేతే రాయించాలని పట్టుబట్టాను. జిల్లాలో ఛందస్సు తెలిసినవాడు ఆయనొక్కడే. నడిచిందని ఆయన చేత ఒక్క మాట రాయించుకుంటే ఆ యాభైమందికీ సమాధానం చెప్పినట్టవుతుంది. రాతప్రతి ఇచ్చి ఏడాది తిరిగాను. పలాసలో డయాలసిస్ చేసే చోటికి రమ్మనేవాడు. వెళ్తే మంచం పక్కన నిలబెట్టి, ఒక చేతికి గొట్టాలుంటే రెండో చేత్తో నా కాగితాల మీద పెన్సిలు పెట్టేవాడు. ఒకరోజు ఇరవై పంక్తులు, ఒకరోజు పది. నాకు కుర్చీ చూపించేవాడు కాదు. నీళ్లు ఆయనకి గుక్కల లెక్క, అందుకని నాకూ ఎప్పుడూ ఇవ్వలేదు. నర్సమ్మ ఒకసారి, కొడుకా అని అడిగింది. "కాదు, పద్యం తాలూకు" అన్నాడు.

ఒకే పంక్తి మళ్లీ మళ్లీ వచ్చే చోటికి, ఆవృత్తి దగ్గరికి వచ్చేసరికి అక్కడ మాట్లాడను, ఇంటికి రా అన్నాడు.

వాళ్ల ఊరు వజ్రపుకొత్తూరు దాటాక, సముద్రం వైపు. అక్కుపల్లి పోయే దారిలో దిగి నడవాలి. కొత్తగా పెట్టిన కొబ్బరి మొక్కలు నడుమెత్తు వచ్చాయి. వాటి మధ్య నరికేసిన పాత మొదళ్లు ఇంకా నేలలోనే ఉన్నాయి. రెండు గదుల ఇల్లు, పైన రేకులు. ఆ రోజు ముసురు. జల్లు గాలితో సహా లోపలికి కొడుతోంది. వీధి తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంది. మూసుకోకుండా పాత రుబ్బురోలు పొత్రం అడ్డం పెట్టారు. నా కాగితాలు ఎగిరిపోతుంటే తలుపు వేద్దామని లేచాను. వంటింట్లోంచి ఆయన భార్య గబగబా చెయ్యి ఊపింది, వద్దని. వచ్చినవాడిని తడిపి కూర్చోబెట్టే ఇల్లు ఇదొక్కటే అనుకున్నాను.

మాస్టారు రాతప్రతి తీశాడు. ప్రతి అక్షరం నెత్తిమీదా పెన్సిలు గుర్తులు. నూట అరవై పంక్తుల్లో గణభంగం ఒక్కటీ లేదని, ప్రాస ఎక్కడా జారలేదని చెప్పాడు. ఆ మాట కోసం ఏడాది తిరిగాను. నాకు ఊపిరి నిండింది.

తర్వాత అడిగాడు, "నీ గాలి ఒకేపక్క నుంచి వీసింది. అదేటి?"

అర్థం కాలేదన్నాను. చెప్పాడు. ఆ పొద్దున గాలి మొదట ఒకవైపు నుంచి వచ్చింది. గంటలకొద్దీ కొట్టింది. అప్పుడు ఆగిపోయింది. ఆకు కదల్లేదు. తుఫాను కన్ను ఊరి మీదికి వస్తే అంతే. ఆ కాసేపటి తర్వాత అవతలి వైపు నుంచి మళ్లీ వచ్చింది, ఇంతకు రెట్టింపుగా. నూట అరవై పంక్తుల్లో ఆ ఆగిన చోటు ఏదని అడిగాడు. లయ తెగకూడదని నేను ఎక్కడా ఖాళీ పెట్టలేదన్నాను. మంచి జవాబే చెప్పాననుకున్నాను.

ఆయన పేజీ తిప్పాడు. నా కావ్యానికి గుండెకాయ లాంటి ఘట్టం అది. తోటలో పాకలో ఉన్న ముసలావిడ ఇంటి వైపు వస్తూ చెట్టు కింద పడి చనిపోతుంది. పలాసలో ఒక టీకొట్టు దగ్గర, ఉద్దానంలో ఎక్కడో ఇలా జరిగిందని ఎవరో అనుకుంటుంటే విన్నాను. పేరూ ఊరూ వాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు. మిగతాది నేను కట్టాను:

తలుపును తీయర తండ్రీ నాయన
తలుపును తీయర తండ్రీ నాయన
తలుపును తీయర తండ్రీ నాయన
పిలుపును మింగెను గాలియె చివరికి

"మూడా?" అన్నాడు.

మూడేనన్నాను.

"ఎవుల్ సెప్పినారు నీకు?"

సభల్లో ఆయన మాట పుస్తకంలో అచ్చయినట్టుండేది. బయట అప్పుడప్పుడు ఒక ముక్క దొర్లినా, అంత పచ్చిగా ఊరి మాట నాతో మాట్లాడటం అదే మొదలు. ఎవరూ చెప్పలేదని, అది ఆవృత్తి అని వివరించాను. ఒకసారి అంటే సంగతి, రెండోసారి అంటే తొందర, మూడోసారికి చదివేవాడికి భయం వేస్తుంది, నాలుగో పంక్తిలో ప్రాస తలుపుకీ పిలుపుకీ ముడి వేస్తుంది, అంతకుమించితే బిగువు పోతుంది అని చెప్పాను. చాలాసేపు చెప్పాను. బాగా చెప్పాను కూడా. ఆయన కళ్లు మూసుకునే విన్నాడు. బొటనవేలు మొదటి కణుపు మీదే ఉండిపోయింది. కదల్లేదు. అది నేను చూశాను. చూసి కూడా మాట ఆపలేదు.

"ఆవిడ మా సిన్నమ్మ" అన్నాడు.

ఆయన మాటల్లో ఇక్కడ రాయను. ఆయన చెప్పింది కూడా పది మాటలే, నేను కలుపుకుంటే ఇంత అయింది. తల్లి పోతే పెంచిన చిన్నమ్మ. తోట చివర పాకలో ఉండేది. ఆవును విడిచి రానని ఆ పొద్దున ఇంటికి రాలేదు. గాలి ఆగిన కాసేపట్లో, అయిపోయిందనుకుని పాకలోంచి బయటికి వచ్చింది. మా వైపు పెద్దవాళ్లు కూడా చేసే పొరపాటే అది. మాస్టారి ఇంటి వాకిట్లోకి వచ్చేసరికి రెండో గాలి అందుకుంది. అప్పటికి మాస్టారూ భార్యా తలుపు గడియ వేసి, దానికి మంచం అడ్డంపెట్టి, ఇద్దరూ వీపులు ఆన్చి నిలబడ్డారు. తలుపు తీస్తే రేకులు లేచిపోతాయి. చిన్నమ్మ పిలిచింది. ఆయన విన్నాడు. తియ్యలేదు.

"పంతొమ్మిది" అన్నాడు. "పంతొమ్మిదిపాల్లు పిలిసింది. నాను లెక్కెట్టినాను."

వాన జల్లు గడప దాటి మా కాళ్ల దాకా వస్తోంది. ఆ తలుపు ఎందుకు మూయరో నాకు అప్పుడు అర్థమైంది.

అర్థమైంది గనక మర్యాదగా లేచి రావలసింది. ఆయన రాతప్రతిని నా వైపు తోశాడు. "మాటలు నీ ఇట్టం. మా సిన్నమ్మ తీయర అనదు, తండ్రీ అనదు. అయినా పోనీ. లెక్క మాత్రం మార్సు బాబూ. ఆ పదహారూ కూడా రాయి. ముందుమాట ఇప్పుడే రాసిచ్చెత్తాను" అన్నాడు.

ఏడాదిగా నేను అడుగుతున్నది నా ఎదురుగా ఉంది. పదహారు పంక్తులు కలపాలి, అంతే. గణాలు చెడవు, ప్రాస చెడదు. కానీ నాకు గ్రంథాలయం గుర్తొచ్చింది. సుద్ద చప్పుడు గుర్తొచ్చింది. యాభైమంది నవ్వూ గుర్తొచ్చింది. నా పద్యంలో ఏముండాలో బేరం పెట్టి చెప్పడానికి ఈయనెవరు అనిపించింది. పంతొమ్మిదిసార్లు ఒకే పంక్తి వేస్తే చదివేవాడు పుస్తకం మూసేస్తాడన్నాను.

"మూసీనీ" అన్నాడు. "నాను మూసుకోగలనేటి?"

మాటలో ఓడిపోతున్నప్పుడు నేను ఏం చేస్తానో అదే చేశాను. కాగితాలు సంచిలో పెట్టుకున్నాను. నా కావ్యం నా ఇష్టం మాస్టారూ అన్నాను. ఆయన భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. టీ గ్లాసు చేతిలో ఉంది. అది కూడా తీసుకోలేదు.

పుస్తకం ముందుమాట లేకుండా వచ్చింది. మూడు పిలుపులతోనే వచ్చింది. పోస్టులో ఆయనకి ఒక ప్రతి పంపాను. అందినట్టు కార్డు ముక్కయినా రాలేదు. దాన్ని కూడా రాసిపెట్టుకున్నాను. మూడేళ్లపాటు ఎక్కడ నలుగురు కూడినా, అసూయతో ముందుమాట ఎగ్గొట్టిన మనిషి అని చెప్పుకున్నాను. పంతొమ్మిది సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అడగకండి.

కానీ ఆ రోజు నుంచి నాకు ఒక పీడ పట్టుకుంది. గ్యాస్ అబ్బాయి గేటు కొడతాడు. ఒకటి, రెండు, మూడు. నేను కూర్చునే ఉంటాను. నాలుగోది పడాలి అనిపిస్తుంది. మా ఆవిడ వచ్చి, చెవుడా అని తిట్టి గేటు తీస్తుంది. పక్కింటివాళ్ల చంటిది అమ్మా అని పిలిస్తే ఎన్నోసారో నాకు తెలిసిపోతుంది. వద్దనుకున్నా తెలుస్తుంది. సభల్లో ఆ ఘట్టం చదువుతాను. మూడో పంక్తి అయ్యాక ఎప్పుడూ ఒక నిశ్శబ్దం ఉంటుంది, జనం కదిలిపోయిన నిశ్శబ్దం, నేను కష్టపడి కట్టింది. అందులో చివరి వరసలో ఎవరిదో బొటనవేలు వేళ్ల మీద నడుస్తున్నట్టు కనిపిస్తుంది. చూస్తే ఎవరూ ఉండరు. ఒకసారి సోంపేటలో నాలుగో పంక్తికి బదులు మళ్లీ తలుపును అని మొదలుపెట్టేశాను. దగ్గి సర్దుకున్నాను. అధ్యక్షుడు నా వయసు గురించి ఏదో అన్నాడు. అతనూ నా లెక్కలో ఉన్నాడు.

పేపర్లో చూశాక పన్నెండో రోజు వెళ్లనిచ్చి వెళ్లాను. అంతకుముందు వెళ్తే ఆ గ్రూపువాళ్లందరూ ఉంటారు.

ఇంటి తలుపు వేసి ఉంది. ఆ తలుపు మూసి ఉండగా చూడటం అదే మొదటిసారి. ఆవిడ అరుగు మీద కూర్చుని, కొబ్బరాకులు ముందేసుకుని చాకుతో ఈనెలు తీస్తోంది. నన్ను పోల్చింది. "టీ తాగకండా ఎల్లిపోయిన బాబువి గదా" అంది. ఎవరూ మర్చిపోరు. నేనొక్కడినే అనుకుంటాను.

కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియక, నా పుస్తకం పంపాను, అందిందో లేదో అన్నాను.

"అందకేటి. సంచిలో పెట్టుకుని తిరిగీవోరు" అంది. డయాలసిస్‌కి వెళ్లినప్పుడల్లా అదే పుస్తకమట. అదే పేజీ. ఆ మూడు పంక్తులూ పైకి చదివి, పుస్తకం మూసి గుండెల మీద పెట్టుకుని, మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టుకునేవాడట. గొట్టాలున్న చేతి వేళ్లు కదపకూడదని నర్సమ్మ ఎన్నోసార్లు అరిచిందట.

నాకు కోపం వచ్చింది, రాలేదంటే అబద్ధం. మూడేళ్లు నా పుస్తకం గుండెల మీద పెట్టుకున్న మనిషి నాకొక కార్డు రాయలేకపోయాడా? ఆ మాటే అనేశాను. ఆవిడ చాకు ఆపలేదు. "మీ ఇద్దరికీ ఒకటే జబ్బు బాబూ" అంది.

అప్పుడు అడిగాను. మీరు కూడా పక్కనే ఉన్నారు కదా, ఆ పంతొమ్మిదీ మీరూ విన్నారా అని.

ఆవిడ చేతిలో ఉన్న ఆకు పూర్తిచేసి, ఈనెని కట్టలో పెట్టింది.

"నాకు ఒక్కటీ ఇనపడనేదు బాబూ" అంది.

అదేంటన్నాను.

"ఆ గాల్లో ఏటి ఇనపడతాది. సిన్నమ్మ పిలుత్తన్నాదని ఆయన నా సెవిలో అరిసినారట. ఆ అరుపే నాకు ఇనపడనేదు. ఆయన పెదాలు కదలడం సూసినాను, అంతే. తెరిపిచ్చాక తలుపు తీస్తే వాకిట్లో సెట్టు కింద ఉన్నాది. ఎప్పుడు పోనాదో, పిలిసిందో నేదో, దేవుడికి తెలియాల."

ఆయనకి ఈ మాట చెప్పారా అని అడిగాను.

"ఒక్కపాలి సెప్పినాను. నీకు అలా అనిపించింది గానీ, ఎవులి పిలుపూ ఇనపడే గాలి కాదది, నీ తప్పు నేదని. నా మొకం సూసి, అయితే ఎవుల్నీ పిలవకండానే పోనాదంటావా అన్నారు." ఆవిడ ఇంకో ఆకు తీసుకుంది. "ఇంక నానెప్పుడూ అననేదు."

టీ ఇచ్చింది. తాగాను. తోటలో దారి పొడుగునా పాత మొదళ్లు చూసుకుంటూ రోడ్డెక్కాను. అప్పటిదాకా నాకు తెలిసిన లెక్కలు రెండే, ఆయనది తప్పు అయితే నాది ఒప్పు. ఆవిడ మాటతో ఆ రెండూ పోయాయి. నా మూడు పిలుపులు కూడా ఎవరూ విన్నవి కావు. టీకొట్టు దగ్గర విన్న ముక్కకి బిగువు కోసం కట్టినవి. నేను వాటితో సభల్లో శాలువాలు కప్పించుకున్నాను. ఆయన తన లెక్క తనే మోశాడు, చివరిదాకా.

ఆ వారమే పలాసలో అచ్చవుతున్న ఉద్దానం కవితల సంకలనంలో నా కావ్యం వేస్తామన్నారు. మొదట నన్ను అడగలేదు, ఎవరో మానేస్తే అడిగారు. అయినా ఇచ్చాను. ఆ పేజీ మాత్రం చేత్తో మళ్లీ రాసి ఇచ్చాను. నాలుగో పంక్తి, పిలుపును గాలి మింగిందన్నది, కొట్టేశాను. ప్రాసకి మంచి ముడి అది. గాలి ఆగిన చోట రెండు పంక్తుల ఖాళీ వదిలాను.

మూడోరోజు పొద్దున్నే కంపోజింగ్ చేసే అమ్మాయి ఫోన్ చేసింది. నలభై ఆరో పేజీలో ఒకే లైను పేజీ కింద దాకా పడిపోయిందని, నా చేతిరాత కాగితం ఇప్పుడు దగ్గర లేదని, కాపీ చేసేటప్పుడు తన చెయ్యే తగిలి ఉంటుందని, క్షమించమని అంది. మూడుంచి మిగతావి తీసేస్తానంది.

"ఎన్ని పడ్డాయో లెక్కపెట్టమ్మా" అన్నాను.

ఆ పిల్ల పైకే లెక్కపెట్టింది. పన్నెండు దాటాక గొంతు తగ్గించింది. నేను ఫోన్ చెవికి గట్టిగా ఆన్చుకుని విన్నాను.

"పంతొమ్మిదున్నాయి సార్. తప్పు కదా?"

"తప్పే" అన్నాను. "అలాగే ఉంచు."